నిఘంటువుకు కర్త ఎవరు? సంస్థల ఆకర గ్రంథాలు - కాపీరైట్ వివాదాలు

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య పరిశోధనలో కర్తృత్వ చర్చలకు కొదవ లేదు. ఆంధ్రశబ్దచింతామణి నన్నయ రచనయేనా, క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయనిదా శ్రీనాథునిదా అన్న ప్రశ్నల మీద తరాల పండితులు శ్రమించారు. అవతారికలు, ఆశ్వాసాంత గద్యలు, శైలి, లక్ష్యగ్రంథాల ఉదాహరణలు సాక్ష్యాలుగా నిలిచాయి. ఆ చర్చల ఫలితంగా సాహిత్యచరిత్రలో ఒక పేరు నిలుస్తుంది, లేదా మారుతుంది. గ్రంథాన్ని చదువుకొనే హక్కుకు మాత్రం వాటివల్ల ఏ లోటూ రాదు.

ఇరవయ్యో శతాబ్దంలో పరిషత్తులు, సమితులు, అకాడమీలు, విశ్వవిద్యాలయాలు వెలువరించిన నిఘంటువులు, పదకోశాలు, విజ్ఞాన సర్వస్వాల విషయం ఇందుకు భిన్నమైనది. ఇక్కడ కర్త ఎవరన్న ప్రశ్నకు ఇచ్చే సమాధానాన్ని బట్టి ఆ గ్రంథం ఏ సంవత్సరం వరకు కాపీరైట్ కింద ఉంటుందో, ఏ సంవత్సరం నుంచి పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరి అనుమతీ అక్కరలేని ప్రజాపరిధిలోకి, వస్తుందో నిర్ణయమవుతుంది. దానిని పునర్ముద్రించడం, సంపూర్ణ పాఠాన్ని అంతర్జాలంలో ఉంచడం, యంత్రానువాదానికీ అక్షరదోషాల తనిఖీకీ పదసంచయంగా వాడడం మొదలైన వన్నీ ఈ సమాధానంపైనే ఆధారపడి ఉన్నాయి. అయినా ఈ కర్తృత్వ ప్రశ్నను మన విభాగాలు న్యాయవాదులకు వదిలివేశాయి. సంస్థలు ముఖపత్రం వెనుక 'సర్వస్వామ్య సంకలితము' అన్న ఒక్క మాటతో ముగించాయి.

సంస్థాగత ఆకర గ్రంథాల విషయంలో మన కాపీరైట్ చట్టం ఒక సమాధానం కాక అనేక సమాధానాలు ఇస్తున్నదనీ, వాటి మధ్య తేడా అర్ధశతాబ్దం దాకా ఉండవచ్చుననీ, ఆ సందిగ్ధాన్ని తొలగించగల సాక్ష్యం గ్రంథాల పీఠికల్లోనే ఉన్నందున అది మొదట సాహిత్య పరిశోధకుల పని అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. కర్త వేరు, స్వామి వేరు

భారతీయ కాపీరైట్ చట్టం 1957లో రూపొంది 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 1914 నాటి చట్టం ఉండేది. 1957 చట్టం రెండు భావనలను విడదీసింది. కృతిని రచించిన వ్యక్తి కర్త. ఆ కృతిపై మొదటి హక్కు గలవాడు స్వామి. సాధారణంగా ఈ ఇద్దరూ ఒకరే. 17వ సెక్షన్ కొన్ని మినహాయింపులు చెప్పింది. ఉద్యోగి తన ఉద్యోగధర్మంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకుంటే, యజమాని స్వామి అవుతాడు. ప్రభుత్వ కృతికి ప్రభుత్వం స్వామి. 1983 సవరణ ప్రభుత్వరంగ సంస్థలను కూడా ఈ వరుసలో చేర్చింది. ప్రభుత్వ యాజమాన్యంలోనో అదుపులోనో ఉన్న సంస్థలు, శాసనసభ చేసిన చట్టం ద్వారా ఏర్పడిన సంస్థలు ఈ నిర్వచనంలోకి వస్తాయి. చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం కూడా ఇందులోకి వస్తుందన్నది గమనార్హం.

తరచు పొరపాటు జరిగే చోటు ఒకటుంది. స్వామి మారినంత మాత్రాన కాపీరైట్ గడువు మారదు. 22వ సెక్షన్ ప్రకారం గడువు కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. ఆ 60 ఏళ్లు మరణించిన మరుసటి సంవత్సరారంభం నుంచి లెక్కకు వస్తాయి. ఉమ్మడి కృతి అయితే చివరగా మరణించిన కర్తను బట్టి లెక్క. ఒక ప్రైవేటు సాహిత్యసంస్థ తన ఉద్యోగిచేత నిఘంటువు రాయించుకొంటే స్వామ్యం సంస్థదే. కాని గడువును కొలిచేది ఆ ఉద్యోగి ఆయుర్దాయమే. ప్రభుత్వం, ప్రభుత్వరంగ సంస్థ మొదటి స్వామి అయినప్పుడు మాత్రమే 28, 28ఎ సెక్షన్లు గడువును ప్రచురణ తేదీ నుంచి 60 ఏళ్లుగా నిర్ణయించాయి. కర్త పేరు లేకుండా వెలువడిన గ్రంథానికి కూడా 23వ సెక్షన్ ప్రచురణ తేదీనే ప్రమాణంగా తీసుకొన్నది.

మరొక చిక్కు పారితోషికానికి సంబంధించింది. మన పరిషత్తులలో, అకాడమీలలో పనిచేసిన పండితులందరూ ఉద్యోగులు కారు. గౌరవ సంపాదకులుగా, వ్యాసానికింత అని పారితోషికం పుచ్చుకొన్నవారుగా, వేరే కళాశాలలో ఉపాధ్యాయులుగా ఉంటూ తోడ్పడినవారుగా అనేకులు ఉన్నారు. ఇటువంటివారి హక్కు సంస్థకు చెందాలంటే రాతపూర్వకమైన బదలాయింపు ఉండాలి. అది లేనప్పుడు పుస్తకం అచ్చువేసింది సంస్థ కాబట్టి హక్కు సంస్థదే అనడం కుదరదు. ప్రతులకు స్వామి కావడం, కృతికి స్వామి కావడం ఒకటి కావు.

2. సూర్యరాయాంధ్ర నిఘంటువు: ఒక గ్రంథం, అనేక లెక్కలు

1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పిఠాపురం మహారాజు సూర్యారావు బహద్దూరు పోషణలో చేపట్టిన బృహత్కార్యం శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. జయంతి రామయ్య పంతులు దీనికి సారథ్యం వహించారు. మొదటి సంపుటం 1936లో, నాలుగవ సంపుటం 1944లో వెలువడ్డాయి. తరవాతి సంపుటాలు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనికతో పూర్తయ్యాయి. గ్రంథం పేరులో పోషకుడున్నాడు, ప్రకాశకస్థానంలో పరిషత్తు ఉన్నది, సంపాదకస్థానంలో జయంతివారున్నారు, లోపలి శ్రమ పండితబృందానిది. వీరిలో చట్టం దృష్టిలో కర్త ఎవరు?

పోషకుడు కర్త కాలేడు. కావ్యానికి కృతిపతి ఉన్నా కృతికర్త వేరన్నది మనకు కొత్త విషయం కాదు. ధనం ఇచ్చినవాడికి కాపీరైట్ దానంతటది రాదు. ఇక మిగిలినవి మూడు.

మొదటిది, జయంతి రామయ్య పంతులే కర్త అనుకోవడం. ఆయన 1941లో పరమపదించారు. అప్పటి 50 ఏళ్ల గడువు ప్రకారం ఆయన కృతుల కాపీరైట్ 1991 డిసెంబరు 31తో ముగియవలసింది. అదే 1941లో రవీంద్రనాథ్ టాగోరు కూడా మరణించారు. టాగోరు రచనల హక్కులు విశ్వభారతి చేతిలో ఉండేవి. ఆ హక్కులు ముగియబోతున్న తరుణంలో, 1991 డిసెంబరు చివరి వారంలో, కేంద్ర ప్రభుత్వం గడువును 60 ఏళ్లకు పెంచింది. 1992లో అది సవరణ చట్టమైంది. వంగదేశంలో ఒక సంస్థ హక్కు నిలబెట్టడానికి చేసిన మార్పు, ఎవరూ అడగకుండానే, అదే సంవత్సరం మరణించిన జయంతివారి కృతులను కూడా 2001 చివరిదాకా ప్రజాపరిధికి వెలుపల ఉంచింది. సంస్థాగత స్వామ్యం దేశమంతటి సాహిత్యం మీద ఎలా ప్రసరిస్తుందో చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అరుదు.

రెండవది, నిఘంటువును వ్యక్తుల పేరు లేని సంస్థాకృతిగా చూడడం. అప్పుడు ప్రచురణ సంవత్సరమే ప్రమాణం. 1936 నాటి మొదటి సంపుటం 1996 చివరితో, 1944 నాటి నాలుగవ సంపుటం 2004 చివరితో విముక్తమవుతాయి. కాని ముఖపత్రం మీదా పీఠికలోనూ సంపాదకుల పేర్లు ఉన్న గ్రంథాన్ని అజ్ఞాతకర్తృకం అనడం కష్టం.

మూడవది, పండితబృందాన్నంతటినీ ఉమ్మడి కర్తలుగా భావించడం. పదం పదానికీ అర్థనిర్ణయం చేసి, ప్రయోగం వెదికి, చిత్తుప్రతి సిద్ధం చేసినవారి పని ఒకరి నుంచి మరొకరిది విడదీయరానిదైతే, ఉమ్మడి కర్తృత్వం అన్న వాదానికి బలం ఉంది. అప్పుడు గడువు బృందంలో చివరగా మరణించినవారిపై ఆధారపడుతుంది. 1930లలో యువకుడుగా చేరిన సహాయ పండితుడొకరు 1975లో మరణించారనుకొంటే, ఆయన పాల్గొన్న సంపుటం 2035 చివరిదాకా కాపీరైట్‌లో ఉంటుంది. జయంతివారి లెక్కకూ ఈ లెక్కకూ తేడా 34 ఏళ్లు.

ఈ మూడింటిలో ఏది సరియైనదో ఊహించి చెప్పలేము. ప్రతి సంపుటం పీఠికలో ఎవరు ఏ పని చేశారని చెప్పారు, ఎవరు జీతగాళ్లు, ఎవరు గౌరవ సభ్యులు, ఎవరిది పర్యవేక్షణ, ఎవరిది రచన అన్నవి తేలితేనే నిర్ణయం సాధ్యం. నిఘంటు నిర్మాణ చరిత్ర రాసే పరిశోధకుడు ఈ వివరాలను 'కృషి చేసినవారు' అన్న శీర్షిక కింద పేర్ల పట్టికగా ఇచ్చి ఊరకుంటున్నాడు. ఆ పట్టికే న్యాయపరంగా అత్యంత విలువైన సాక్ష్యమన్న స్పృహ మనకు ఏర్పడలేదు.

3. విజ్ఞాన సర్వస్వాలు: సంపుటం ఒకటి, కర్తలు పెక్కురు

నిఘంటువులో శ్రమ కలిసిపోతుంది. విజ్ఞాన సర్వస్వంలో అది వ్యాసాలుగా విడివిడిగా నిలుస్తుంది. ఒక్కొక్క వ్యాసం ఒక్కొక్క స్వతంత్ర కృతి. వాటి కూర్పు మరొక కృతి. చట్టం ఉమ్మడి కృతికి చెప్పిన లక్షణం ఏమంటే, ఒకరి భాగం మరొకరి భాగం నుంచి వేరు చేయలేనిదై ఉండాలి. సంతకమున్న వ్యాసాల సంకలనానికి ఈ లక్షణం వర్తించదు.

కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని ఈ దృష్టితో చూడవచ్చు. ఆయన 1923లో మరణించారు. సంపాదకుడుగా, వ్యాసకర్తగా ఆయన హక్కుల గడువు 1973 చివరితోనే ముగిసింది. అయితే ఆయనకు ఆ కృషిలో తోడ్పడిన మల్లంపల్లి సోమశేఖరశర్మ 1963లో మరణించారు. శర్మగారు కర్తగా గల వ్యాసమేదైనా 2023 చివరిదాకా కాపీరైట్‌లో ఉన్నట్లే. అంటే ఒకే సంపుటంలో పక్కపక్క పుటలకు అర్ధశతాబ్దం తేడాతో స్వేచ్ఛ లభిస్తుంది. ఆ సంపుటాన్ని మొత్తంగా అంతర్జాలంలో ఉంచేవారు మొదటి పుటమీద ఉన్న సంపాదకుడి మరణ సంవత్సరాన్ని మాత్రమే చూస్తే సరిపోదు.

తెలుగు భాషా సమితి సంపుటాలకూ, హైదరాబాదు నుంచి వెలువడిన సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశానికీ ఇదే చిక్కు మరింత పెద్ద ఎత్తున ఉంది. ఆ వ్యాసకర్తలలో ఆచార్యులు, వైద్యులు, ఇంజనీర్లు, చరిత్రకారులు ఉన్నారు. పత్రికాధిపతులకు 17వ సెక్షన్ ఇచ్చిన ప్రత్యేక సౌకర్యం విజ్ఞాన సర్వస్వాల ప్రచురణకర్తలకు లేదు. కాబట్టి బదలాయింపు పత్రాలు చూపలేని సంస్థ తన పేరిట పునర్ముద్రణ హక్కును ఇతరులకు నిరాకరించినప్పుడు, ఆ నిరాకరణకు ఆధారమేమిటని అడగడం న్యాయమే. తన పునర్ముద్రణకు తానే ఎవరి అనుమతి పొందిందన్న ప్రశ్న కూడా వెంటనే పుడుతుంది.

4. మాండలిక వృత్తిపదకోశం: యాభై ఏళ్ల తేడా

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెలుగు భాషాధ్యయనంలో మైలురాయి. వ్యవసాయ పదాలను జిల్లాల వారీగా రైతుల నుంచి సేకరించి, రూపభేదాలతో సహా నమోదు చేసిన ఈ గ్రంథానికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకులు. చేనేత పదాల సంపుటం 1971లో వెలువడింది.

మొదటి సంపుటాన్ని ప్రభుత్వ అదుపులో తయారైన ప్రభుత్వ కృతిగా పరిగణిస్తే, దాని కాపీరైట్ 2022 చివరితో ముగిసింది. ఈనాడు దానిని ఎవరైనా ముద్రించవచ్చు, ఎవరైనా సంచయంగా మార్చవచ్చు. భద్రిరాజువారి వ్యక్తిగత కృతిగా పరిగణిస్తే, ఆయన 2012లో మరణించారు కాబట్టి 2072 చివరిదాకా అది కాపీరైట్‌లో ఉంటుంది. తేడా 50 ఏళ్లు. ఆయన అకాడమీ ఉద్యోగి కారు, విశ్వవిద్యాలయాచార్యులు. అకాడమీ ప్రభుత్వ నిధులతో నడిచినా ప్రభుత్వ శాఖ కాదు. ప్రభుత్వరంగ సంస్థలను గూర్చిన నిబంధన 1983 సవరణతో వచ్చింది కాబట్టి 1962 నాటి గ్రంథానికి దానిని వర్తింపజేయడం సులభం కాదు. రెండు వైపులా వాదానికి చోటున్నది.

ఈ గ్రంథం మరొక మౌలికమైన ప్రశ్నను కూడా లేవదీస్తున్నది. ఇందులోని పదాలు ఎవరివి? నాగలి భాగాలకూ, నేల రకాలకూ, పైరు దశలకూ పేర్లు పెట్టినవారు రైతులు. వారి నోటి మాటలే ఈ కోశానికి సామగ్రి. చట్టం దృష్టిలో వారు కర్తలు కారు, కాజాలరు; పదం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అందుకు మనం సంతోషించాలి. కాని రైతు ఉచితంగా ఇచ్చిన పదాన్ని రైతు మనుమడు ఉచితంగా చదువుకోలేని స్థితి 2072 దాకా కొనసాగే అవకాశమున్నదంటే, ఆ అవకాశాన్ని తొలగించే బాధ్యత గ్రంథాన్ని ప్రచురించిన సంస్థ వారసులపై ఉన్నదని చెప్పక తప్పదు.

5. రక్షణ దేనికి?

కాపీరైట్ పదాలకు లేనప్పుడు నిఘంటువులో అది దేనికుంది? 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ ప్రమాణం. న్యాయస్థానాల తీర్పుల పాఠం అందరిదీ అనీ, దానిని సేకరించి అచ్చువేసిన శ్రమ ఒక్కటే కాపీరైట్‌కు చాలదనీ, కనీసపు సృజనాత్మక వివేచన ఉండాలనీ కోర్టు చెప్పింది. పాఠాన్ని పేరాలుగా విభజించడం వంటి, విషయజ్ఞానం అవసరమైన కొన్ని అంశాలకు మాత్రమే రక్షణ ఇచ్చింది.

ఈ సూత్రాన్ని నిఘంటువుకు అన్వయిద్దాం. అకారాది క్రమానికి రక్షణ లేదు. ఆరోపపదానికి లేదు. తత్సమం, దేశ్యం వంటి వ్యాకరణ సూచన యథార్థకథనమే కాబట్టి దానికీ ఉండదు. తిక్కన పద్యపాదానికి అసలే ఉండదు. కాని ఒక పదానికి ఎన్ని అర్థచ్ఛాయలు అని విభజించడం, వాటిని ఏ వరుసలో ఉంచాలో నిర్ణయించడం, ఏ అర్థానికి ఏ కవి ప్రయోగం తగినదో ఎన్నుకోవడం, అర్థవివరణను వాక్యంగా కూర్చడం ఇవన్నీ వివేచనాఫలాలు. రక్షణ వీటికే.

అయితే ఈ వివేచన కూడా శూన్యంలో పుట్టలేదు. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం, బ్రౌను నిఘంటువు, అంతకు ముందరి పద్యనిఘంటువులు లేకుండా సూర్యరాయాంధ్రం లేదు. ప్రతి నిఘంటువూ పూర్వ నిఘంటువుల పునాదిమీద లేచిన అంతస్తు. పూర్వుల నుంచి స్వేచ్ఛగా గ్రహించిన గ్రంథం తరవాతివారికి అదే స్వేచ్ఛను ఎప్పుడు ఇవ్వాలన్నదే అసలు వివాదం.

పరిశోధకుడు కొన్ని ఆరోపాలను ఉదాహరించడానికి అనుమతి అవసరం లేదన్నది కూడా స్పష్టం చేసుకోవాలి. 52వ సెక్షన్ పరిశోధనకూ విమర్శకూ న్యాయమైన వినియోగాన్ని అనుమతించింది. గ్రంథాలయం తన దగ్గరున్న అచ్చుప్రతిని భద్రత కోసం డిజిటల్ రూపంలో నిల్వ చేసుకోవచ్చునని 2012 సవరణ చెప్పింది. చిక్కు వచ్చేది సంపూర్ణ పాఠాన్ని లోకానికి అందించేటప్పుడు. నేటి భాషాసాంకేతికతకు కావలసింది ఆ సంపూర్ణ పాఠమే.

6. రద్దైన సంస్థల వారసత్వం

సంస్థకు మరణం లేదన్న నమ్మకంతో మనం సంస్థాగత స్వామ్యాన్ని గౌరవిస్తాం. చరిత్ర ఇందుకు భిన్నంగా ఉంది. ఫ్రెంచి అకాడమీని విప్లవ ప్రభుత్వం 1793లో రద్దు చేసింది. అకాడమీ సిద్ధపరచిన సవరణల ఆధారంగా దాని నిఘంటువు ఐదవ కూర్పు 1798లో ఇతర ప్రచురణకర్తల ద్వారా వెలువడింది. ఆ పాఠాన్ని మరికొందరు ముద్రించగా, లేని సంస్థ రాసిన పుస్తకం ఎవరిదన్న వివాదం న్యాయస్థానాల కెక్కింది.

మన అనుభవం దీనికి దూరమైనది కాదు. 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1983లో రద్దయింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో పూర్వ అకాడమీలు, తెలుగు భాషా సమితి వంటివి విలీనమయ్యాయి. 2014లో రాష్ట్రం విడిపోయింది. పునర్వ్యవస్థీకరణ చట్టం పదవ షెడ్యూలులోని సంస్థల ఆస్తుల గురించిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉన్నత విద్యామండలి వ్యాజ్యంలో 2016లో వచ్చిన తీర్పు, సంస్థ హైదరాబాదులో ఉన్నంత మాత్రాన దాని నిధులన్నీ ఒక్క రాష్ట్రానికే చెందవని చెప్పింది. ఆ వ్యాజ్యంలో ప్రశ్న బ్యాంకు నిల్వలకు సంబంధించినది. కాని కాపీరైట్ కూడా ఆస్తియే. 1962 నాటి పదకోశం మీద హక్కు మిగిలి ఉన్నదనుకొంటే, అది పరంపరగా ఎవరికి సంక్రమించింది? ఒక విశ్వవిద్యాలయానికా, రెండు రాష్ట్రాలకా, సంపాదకుని వారసులకా? భవనాన్ని విభజించవచ్చు, నిల్వను పంచవచ్చు. నిఘంటువును పంచడం ఎట్లా? అకారం నుంచి నకారం దాకా ఒకరికీ, పకారం నుంచి మరొకరికీ ఇవ్వలేము గదా. అందరికీ ఇవ్వడమొక్కటే దానికి తగిన పంపకం.

7. సంస్థల వాదం

సంస్థల పక్షాన ఒక బలమైన వాదం ఉంది. దానిని తేలికగా తీసివేయరాదు. హక్కు వదులుకొంటే తప్పుల తడకలైన పునర్ముద్రణలు బయలుదేరుతాయి, సవరణలు చేర్చిన ప్రామాణిక కూర్పుకు ఆదాయం రాదు, ప్రామాణ్యం చెదిరిపోతుంది. పాత పుటల ఛాయాచిత్రాల నుంచి యంత్రం ద్వారా తీసిన పాఠంలో అరసున్నలు, శకటరేఫలు ఎట్లా మాయమవుతాయో చూసినవారెవరూ ఈ భయాన్ని నిరాధారమనలేరు.

కాని కాపీరైట్ ఈ భయానికి సరైన మందు కాదని వెబ్‌స్టర్ నిఘంటువు చరిత్ర చెబుతుంది. నోవా వెబ్‌స్టర్ 1843లో మరణించిన తరవాత మెరియం సోదరులు ఆ నిఘంటువు హక్కులు కొన్నారు. 1847 కూర్పు మీద కాపీరైట్ 1889లో ముగిసింది. ఇతరులు పాత పాఠాన్ని వెబ్‌స్టర్ పేరుతోనే ముద్రించి అమ్మారు. మెరియం సంస్థ న్యాయస్థానాలను ఆశ్రయించింది. పాఠంతోపాటు ఆ పేరు కూడా అందరిదైందనీ, అయితే కొత్త ప్రచురణ మెరియం వారిదేనని కొనుగోలుదారు భ్రమపడకుండా స్పష్టంగా చెప్పాలనీ తీర్పులు వచ్చాయి. మెరియం సంస్థ నశించలేదు. కొత్త కూర్పులతో, తన పేరును వెబ్‌స్టర్ పేరుకు జోడించుకొని, ప్రామాణికతను నిలబెట్టుకొన్నది. పాత పాఠాన్ని మూసి ఉంచడం వల్ల కాక, కొత్త పాఠాన్ని మెరుగుపరచడం వల్లనే ఆ నిఘంటువుకు ప్రామాణ్యం దక్కింది.

మన విషయంలో ఈ వాదానికి మరొక బలహీనత ఉంది. హక్కును నిలుపుకొన్న సంస్థ ఆ గ్రంథాన్ని అందుబాటులో ఉంచాలి. పునర్ముద్రణ లేక, డిజిటల్ పాఠం లేక, అనుమతి ఇచ్చే అధికారి ఎవరో తెలియక ఉన్న గ్రంథం విషయంలో హక్కు నిషేధంగా మాత్రమే పనిచేస్తుంది. కర్త గతించి, స్వామి ఎవరో కనుగొనలేని కృతులకు లైసెన్సు పొందే మార్గం 31ఎ సెక్షన్‌లో ఉన్నది. కాని ఒక్కొక్క గ్రంథానికి ఒక్కొక్క దరఖాస్తు, విచారణ, రుసుము అవసరమైన ఆ మార్గం వ్యక్తిగత పరిశోధకునికి అందేది కాదు.

8. చేయవలసినవి

పరిష్కారాన్ని చట్టసవరణ దాకా వాయిదా వేయనక్కరలేదు. ఉన్న చట్టంలోనే కొంత సాధ్యం.

కాపీరైట్‌ను బహిరంగ ప్రకటన ద్వారా వదులుకొనే వీలు 21వ సెక్షన్ కల్పించింది. కాని ఆ సెక్షన్ ఉపయోగించిన మాట 'కర్త'. స్వామి అయినా కర్త కాని సంస్థ దానిని వాడుకోగలదా అన్నది సందేహాస్పదం. 30వ సెక్షన్‌లో ఆ చిక్కు లేదు. స్వామి రాతపూర్వకంగా ఎవరికైనా లైసెన్సు ఇవ్వవచ్చు. కాబట్టి సంస్థలు తమ ఆకర గ్రంథాలకు, తమకు ఎంత హక్కు ఉంటే అంతమేరకు, కర్తల పేర్లు విధిగా పేర్కొనాలన్న షరతుతో అందరికీ బహిరంగ లైసెన్సు ప్రకటించడం నిరపాయమైన మార్గం. వారసత్వం సందిగ్ధంగా ఉన్న పూర్వ అకాడమీ గ్రంథాల విషయంలో రెండు రాష్ట్రాల సంస్థలు ఉమ్మడి ప్రకటన చేస్తే, హక్కు ఎవరిదని తేలినా ప్రకటన చెల్లుతుంది. వ్యక్తిగత వారసుల హక్కు స్పష్టంగా ఉన్నచోట తమిళనాడు ప్రభుత్వం అనుసరిస్తున్న పద్ధతి ఆదర్శనీయం. అక్కడ రచయితల వారసులకు ప్రతిఫలం చెల్లించి రచనలను జాతీయం చేస్తున్నారు.

కర్తృత్వ గౌరవం కాపీరైట్‌తో ముగిసేది కాదన్నది మరువరాదు. 57వ సెక్షన్ కర్తకు తన పేరు చెప్పించుకొనే హక్కునూ, కృతి వికృతం కాకుండా చూచుకొనే హక్కునూ ఇచ్చింది. సంస్థ పేరు చాటున మరుగైన సహాయ పండితులకు ఈ గౌరవం ఇంతవరకు దక్కలేదు. గ్రంథాన్ని అందరిదీ చేసేటప్పుడు దానిని చేసినవారి పేర్లు కూడా అందరికీ తెలియాలి.

ముగింపు

ప్రాచీన కృతి కర్తను నిర్ణయించడానికి మన పరిశోధకులు ఆశ్వాసాంత గద్యను అక్షరమక్షరం పరీక్షించారు. ఆధునిక సంస్థాగత గ్రంథానికి ముఖపత్రం, పీఠిక, కృతజ్ఞతలు, కార్యవర్గ నివేదికలే ఆశ్వాసాంత గద్యలు. అంతస్సాక్ష్య బహిస్సాక్ష్యాల పరిశీలనలో మనకున్న శిక్షణ వాటికి కూడా అన్వయిస్తుంది. ప్రతి తెలుగు విభాగం నిఘంటువుల మీద, విజ్ఞాన సర్వస్వాల మీద జరిగే పరిశోధనలో సంపుటాల వారీగా ఎవరు ఏ భాగం రాశారు, ఏ హోదాలో రాశారు, ఎప్పుడు మరణించారు అన్న పట్టికను తప్పనిసరి అధ్యాయంగా చేస్తే, కొద్ది ఏళ్లలో తెలుగు ఆకర గ్రంథాల కర్తృత్వ సూచిక ఒకటి సిద్ధమవుతుంది. సంస్థలు లైసెన్సు ప్రకటించాలన్నా, న్యాయస్థానం తీర్పు చెప్పాలన్నా అదే ఆధారం. ఆ సూచిక లేనంత కాలం 1962లో రైతులు చెప్పిన పదాలు 2022లో విముక్తమయ్యాయో, 2072 దాకా ఆగాలో చెప్పగలవారు ఉండరు. ఆ సందేహం తీరకపోవడమే అన్నిటికన్న కఠినమైన నిషేధం.